రాయగడలో పైన నర్సింగ్ హోమ్, కింద మెడికల్ షాపు: జాగ్రత్త

ఒడిశాలో రాయగడ, గుణుపురం వైపు ఉన్న మన తెలుగువాళ్ళందరికీ చెబుతున్నా. పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. పైన నర్సింగ్ హోమ్, కింద వాళ్ళదే మెడికల్ షాపు అంటే మీకే తెలిసిపోతుంది, మనలో సగం మంది అక్కడ డబ్బులు పోసి వచ్చినవాళ్ళే.

అమ్మకి తుంటి ఎముక విరిగింది, అక్కడే ఆపరేషన్, ఆ తర్వాత కుట్ల దగ్గర చీము, జ్వరం. అదంతా వివరంగా రాసే ఓపిక ఇప్పుడు లేదు. జ్వరం రాగానే మెరోపెనెం అనే యాంటీబయాటిక్ రాశారు, ఒక గ్రాము ఇంజెక్షన్, ఎనిమిది గంటలకొకటి. కిందే కొనాలి, బయటి నుంచి తెస్తే సిస్టర్ ముట్టుకోదు. చీము కల్చర్‌కి, అంటే ఏ బ్యాక్టీరియా ఉందో, ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్షకి, పంపారా అని అడిగితే పెద్ద డాక్టరుగారు నవ్వి "ముందు మందు పడనివ్వండి" అన్నారు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే శాంపిల్ తీయాలట, ఒంట్లో మందు పడ్డాక తీస్తే బ్యాక్టీరియా సరిగ్గా పెరగకపోవచ్చట, ఇది ఇప్పుడు విశాఖలో చెబుతున్నారు. గొడవపెట్టుకుంటే ఎట్టకేలకు పంపారు. రిపోర్టు ఏదండీ అంటే రోజూ "రాలేదు" అనేవారు. ఇంజెక్షన్ల చీటీ మాత్రం ఒక్క పూట కూడా ఆలస్యం కాలేదు, ఆ విషయంలో మెచ్చుకోవాలి.

విశాఖ తీసుకెళ్ళిపోతాం అని పట్టుబడితే ఫైలు చేతికిచ్చారు. కింద కౌంటర్ దగ్గర నిలబడి తిరగేస్తుంటే మధ్యలో కల్చర్ రిపోర్టు! క్లెబ్సియెల్లా న్యుమోనియే అని బ్యాక్టీరియా పేరు ఉంది. మందుల పేర్లకి ఎదురుగా వరసగా ఆర్, ఆర్, ఆర్. ఆర్ అంటే రెసిస్టెంట్, ఆ మందుకి అది లొంగదు అని. మెరోపెనెంకీ ఆర్ అనే ఉంది. తేదీ చూశాను. ఆ తేదీ తర్వాత కూడా మాచేత అదే మెరోపెనెం డబ్బాలకి డబ్బాలు కొనిపించారు, రిపోర్టు ఫైల్లో పెట్టుకుని!

కౌంటర్లో కుర్రాడు అప్పటిదాకా "అమ్మగారికి ఎలా ఉందండీ" అంటూ శుభ్రంగా తెలుగులో మాట్లాడినవాడే. పక్కా బిల్లు ఇవ్వు, మిగిలిన ఇంజెక్షన్లు వాపసు తీసుకో అనేసరికి ఒడియాలోకి దిగిపోయాడు, నాకు రాదనుకున్నాడు కాబోలు. నేను పదో తరగతి దాకా చదివింది ఒడియా మీడియంలోనే బాబూ. ఒడియాలోనే అడిగాను. అప్పుడు మళ్ళీ తెలుగులోకి వచ్చి, చుట్టూ జనం వింటుండగా, "రిపోర్టులు చదవడం వచ్చినవాళ్ళు వైద్యం కూడా ఇంట్లోనే చేసుకోవాల్సింది" అన్నాడు. పక్కనే పెద్ద డాక్టరుగారు. విన్నారు, లిఫ్ట్ ఎక్కి వెళ్ళిపోయారు.

ఇచ్చిన బిల్లు ఏంటో తెలుసా, తెల్లకాగితం మీద మొత్తం ఒక్కటే రాసిన కచ్చా చీటీ. బ్యాచ్ నంబరు లేదు, డాక్టరు పేరు లేదు. మెరోపెనెం షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే, లెక్క రాసుకుని అమ్మాల్సిన మందుల జాబితాలోది. 2014 మార్చి 1 నుంచి ఇలాంటి మందు అమ్మితే రోగి పేరు, రాసిన డాక్టరు పేరు, ఎంత ఇచ్చారో విడిగా రిజిస్టర్లో రాసి మూడేళ్ళు ఉంచాలి. పార్వతీపురంలో మెడికల్ షాపు నడిపే మా బావమరిది ఫోన్లో చెప్పాడు. అదే మందు వేరే కంపెనీది వాడి దగ్గర సగం కన్నా తక్కువ. ఎమ్మార్పీ అంత వేసేది ఇలాంటి షాపులు బతకడానికేరా అన్నాడు.

పక్క బెడ్డు వాళ్ళకి డ్రెస్సింగ్ చేసిన గ్లవ్స్‌తోనే వచ్చి అమ్మ కట్టు విప్పిన రోజే అక్కడి నుంచి లేచి రావాల్సింది. మొహమాటం మరి! ఈ రకం బ్యాక్టీరియా ఆస్పత్రిలో ఎక్కువగా చేతుల మీదే ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. మెరోపెనెం లాంటి మందుల్ని ముక్కలు చేసే ఎంజైము కొన్నిటి దగ్గర ఉంటుంది. మందుకి లొంగేవి చచ్చి, లొంగనివి ఆ ఖాళీలో పెరుగుతాయి. అంటే పనిచేయని మందు పోయడం వల్ల డబ్బొక్కటే కాదు పోయింది. ఇలాంటి క్లెబ్సియెల్లాని ప్రపంచ ఆరోగ్య సంస్థ మందులకి లొంగని బ్యాక్టీరియాల 2024 జాబితాలో అన్నిటికన్నా పై వరసలో పెట్టింది, మావాళ్ళేమో ఫైలు మధ్యలో పెట్టారు.

ఇప్పుడు అమ్మ విశాఖలో విడి గదిలో ఉంది, లోపలికి వెళ్ళేవాళ్ళంతా గౌను, గ్లవ్స్ వేసుకోవాలి. కొలిస్టిన్ అనే వేరే యాంటీబయాటిక్ ఎక్కిస్తున్నారు, అది కిడ్నీల మీద పడుతుందని మాటిమాటికీ రక్తంలో క్రియాటినిన్ చూస్తున్నారు, కిడ్నీలు ఎలా ఉన్నాయో దాన్ని బట్టే తెలుస్తుంది. ఆ టెన్షన్ వేరే.

వెళ్ళక తప్పకపోతే మందుకి ముందే కల్చర్ పంపమనండి, రిపోర్టు ల్యాబ్ నుంచి నేరుగా మీరే తెచ్చుకోండి, బ్యాచ్ నంబరున్న బిల్లు లేనిదే డబ్బు కట్టొద్దు. కేస్ షీట్ కాపీ రాసి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నుంచే నియమం ఉంది. మిగిలిన ఇంజెక్షన్లు, ఆ కచ్చా చీటీ నా దగ్గరే ఉన్నాయి, ఫొటోలు తీసి డ్రగ్ ఇన్‌స్పెక్టరుకి పంపుతున్నా. అదే కౌంటర్లో అలాంటి చీటీలు తీసుకున్నవాళ్ళు పారేయకండి, నాకు మెసేజ్ పెట్టండి, అందరివీ కలిపి ఇద్దాం.