డివైడింగ్ మెస్: హాస్టల్ భోజనంపై ఒక పాత బోర్డర్ సమీక్ష

పీజీలో చేరిన నాటి నుంచి పీహెచ్‌డీ సమర్పించే వరకు నేను ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయ హాస్టల్‌లోనే ఉన్నాను, కొన్ని నెలలు మినహా భోజనమంతా అక్కడి డివైడింగ్ మెస్‌లోనే చేశాను. కొత్తగా చేరేవారు గది గురించీ వైఫై గురించీ ఆరా తీస్తారు గానీ, మెస్ ఏ పద్ధతిలో నడుస్తుందని అడిగేవారు అరుదు. నా దృష్టిలో మొదట అడగవలసింది అదే.

డివైడింగ్ మెస్ లెక్క కష్టమైనదేమీ కాదు. బియ్యం, పప్పులు, కూరగాయలు, పాలు, గ్యాస్ సహా నెల మొత్తం ఖర్చును, ఆ నెలలో బోర్డర్లందరూ, అంటే మెస్‌లో పేరు నమోదైన విద్యార్థులందరూ, కలిపి తిన్న రోజుల సంఖ్యతో భాగిస్తారు. ఉదాహరణకు ఖర్చు 6 లక్షలు, తిన్న రోజులు 6,000 అయితే రోజుకు 100 రూపాయలు పడుతుంది. 25 రోజులు తిన్నవారికి 2,500 రూపాయల బిల్లు వస్తుంది. ఊరికి వెళ్లేవారు, తినని రోజులను బిల్లులోంచి తగ్గించేందుకు, ముందుగానే రిడక్షన్ పుస్తకంలో రాసి వెళ్లాలి. ఇందులో ఒక మెలిక ఉంది: సంక్రాంతికి హాస్టల్ సగం ఖాళీ అయినా, మెస్ బిల్లులోనే కలిపే వంటవారి జీతాల భాగం తగ్గదు కాబట్టి, థీసిస్ పని మీద ఉండిపోయిన పరిశోధక విద్యార్థులకు ఆ నెల రోజువారీ ధర పెరుగుతుంది. పండుగకు ఇంటికి వెళ్లనందుకు కట్టే జరిమానాగా మేము దాన్ని సరదాగా చెప్పుకొనేవాళ్లం.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చినది, సరుకుల కొనుగోలుకు విద్యార్థి ప్రతినిధులు కూడా వెళ్లడం. నా వంతు వచ్చిన నెలలో మా పెద్ద వంటమనిషి వెంట బియ్యం కొట్టుకు వెళ్లాను. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204నే మనం సాంబ మసూరి అంటాం. మా మెస్‌కు ఆ రకమే కావాలి. బస్తాల మీద పేరు ఒకటే, ధరలు మాత్రం వేరు. ఆయన తక్కువ ధర బస్తాలోంచి నాలుగు గింజలు తీసి పంటి కింద కొరికి, "ఇవి కొత్తవి బాబూ, ఒదగవు, పైగా ముద్దవుతాయి" అన్నారు. పాత బియ్యానికి బస్తాకు కొంత ఎక్కువ పెట్టినా, అన్నం ఒదుగుతుంది కాబట్టి నెలాఖరుకు తక్కువ బస్తాలే ఖర్చవుతాయని ఆయన అక్కడే లెక్క కట్టి చూపించారు. ఆ నెల అన్నం గురించి ఫిర్యాదుల పుస్తకంలో ఎవరూ ఏమీ రాయలేదు. సాంబారు గురించి మాత్రం యథావిధిగా రాశారు.

లోపాలు రుచిలో కన్నా డబ్బు వచ్చే తీరులో ఎక్కువ. మెస్ బిల్లు నెలనెలా వస్తుంది, ఉపకార వేతనం విడతలవారీగా వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో విద్యార్థుల వసతి, భోజన ఖర్చుల కోసం 2020లో మొదలైన వసతి దీవెన పథకంలోనూ డిగ్రీ, ఆపై చదువులకు ఏడాదికి 20,000 రూపాయలు రెండు విడతలుగా తల్లుల ఖాతాల్లో జమ చేయాలన్నదే అప్పటి ఏర్పాటు. ఈ నడుమ బకాయిలు పేరుకుంటే కిరాణా కొట్టులో అప్పు పెరుగుతుంది. అప్పు మీద సరుకు తెచ్చే మెస్‌కు, రకం బాగాలేదని తిప్పి పంపే ధైర్యం ఉండదు. పప్పు పలచబడితే వంటమనిషిని తిట్టేవారు ముందుగా బకాయిల జాబితా చూడాలి.

రెండోది నాన్ బోర్డర్ల సమస్య. చదువు ముగిసినా గ్రూప్స్ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ స్నేహితుల గదుల్లో ఉండేవారు మెస్‌లో తింటే, ఆ ఖర్చు బిల్లు కట్టేవారందరి మీదా పడుతుంది. వారి పరిస్థితి తెలిసి కూడా గేటు దగ్గర ఆపమనడం నాకు ఎన్నడూ మనస్కరించలేదు. అతిథి టోకెన్ ధరను రోజువారీ ధరకు సమానంగా ఉంచినప్పుడు వారిలో చాలామంది డబ్బు కట్టి తిన్నారు. దాన్ని రెట్టింపు చేసినప్పుడు దొడ్డిదారి వెతుక్కున్నారు.

మధ్యలో కొంతకాలం మా మెస్‌ను కాంట్రాక్టరుకు అప్పగించారు. బల్లలు శుభ్రంగా ఉండేవి, వేళ తప్పేది కాదు, బిల్లు ఎంత వస్తుందో ముందే తెలిసేది. అయితే పెరుగు నీళ్లగా ఎందుకుందని అడిగితే టెండరు ధర చూపించేవారు, కొనుగోలు రసీదులు చూపించేవారు కాదు. డివైడింగ్ మెస్‌లో నోటీసు బోర్డు మీద అంటించిన లెక్కలో పాల పద్దు దగ్గర వేలు పెట్టి అడగవచ్చు, అడిగితే సంబంధిత ప్రతినిధి జవాబు చెప్పి తీరాలి. ఈ ఒక్క కారణంతోనే, ఎంపిక మీ చేతిలో ఉంటే డివైడింగ్ మెస్‌నే ఎంచుకోమంటాను.

చేరినవారు కట్టిన ప్రతి రసీదునూ దాచుకోవాలి. డిపాజిట్‌ను చివరి బిల్లులో సర్దుబాటు చేసి, బకాయిలేమీ లేవని నో డ్యూస్ పత్రం ఇచ్చేటప్పుడు, ఎప్పుడో మొదటి సెమిస్టర్‌లో ఊరికి వెళ్లిన రోజుల రిడక్షన్‌నూ బయటకు తీసి సరిచూస్తారు.