గల్లాపెట్టెలో పెట్టుకోమని అమ్మే హత్తాజోడి కొనకండి, అది చెట్టు వేరు కాదు

దీపావళి దగ్గర పడుతోంది, హత్తాజోడి అమ్మే వీడియోలు మళ్ళీ మొదలయ్యాయి, అందుకే రాస్తున్నా. మాది తెనాలిలో చిన్న ఫ్యాన్సీ షాపు. పోయినేడు వీధి చివర పెద్ద మార్ట్ పడ్డాక బేరాలు సగానికి సగం పోయాయి, పదకొండైనా బోణీ ఉండేది కాదు, సరిగ్గా అప్పుడే ఫోన్లో ఈ హత్తాజోడి వీడియో కనబడింది. నర్మద ఒడ్డు అడవుల్లో దొరికే వేరంట, రెండు చేతులు జోడించినట్టు ఉంటుందంట, సింధూరంలో పెట్టి గల్లాపెట్టెలో ఉంచితే లక్ష్మి నిలుస్తుందంట. మా ఆయన వద్దన్నారు, నేనే పట్టుబట్టి 3,500 కట్టి తెప్పించా. కింద కామెంట్లన్నీ నెలలో అప్పు తీరింది అక్కా అనే, అప్పుల్లో ఉన్న మనిషికి అది చదివితే చెయ్యి ఆగదండి.

వచ్చింది వెండి రంగు డబ్బీ. నిండా సింధూరం, రెండు లవంగాలు, మధ్యలో వేలెడంత నల్ల ముక్క, చూస్తే నిజంగానే ముడుచుకున్న చిన్న చిన్న వేళ్ళలాగా ఉంది. నువ్వుల నూనెలో 11 రోజులు నానబెట్టండి, నూనె తాగితే ఒరిజినల్ అన్నారు అమ్మినవాళ్ళు. తాగింది. కానీ మూడో రోజుకే మూత తీస్తే ఎండు చేపల కంపు. వేరుకి ఆ వాసనేంటని అడిగితే, శక్తి మేలుకుంటోందమ్మా, ఇప్పుడు సిద్ధి పూజ చేయించకపోతే ఎదురు తిరుగుతుంది అని భయపెట్టి ఇంకో 5,100 లాగారు. అది కట్టిన సాయంత్రమే నంబర్ బ్లాక్.

సంక్రాంతికి మా తమ్ముడి ఫ్రెండ్ వచ్చాడు, ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్‌లో చేస్తాడు. డబ్బీ చూడగానే మొహం మారిపోయింది. "అక్కా, ఇది ఉడుముది" అన్నాడు. మగ ఉడుముకి మర్మాంగం రెండు పాయలుగా ఉంటుందంట, దాన్ని కోసి ఎండబెడితే ఈ జోడించిన చేతుల ఆకారం వస్తుంది. అంటే మూడు నెలలు నేను రోజూ పొద్దున్నే అగరొత్తి వెలిగించి దండం పెట్టింది దానికి. చేలల్లో ఎలుకల్ని, పురుగుల్ని తిని బతికే మూగజీవాన్ని నా గల్లాపెట్టె కోసం చంపారు, డబ్బు పోయినదానికన్నా అదే ఎక్కువ బాధ.

ఇంకా ఉంది. ఉడుము 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో షెడ్యూల్ 1లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. అమ్మినా కొన్నా, ఇంట్లో పెట్టుకున్నా కేసే, 3 నుంచి 7 ఏళ్ళ దాకా జైలు పడొచ్చు. తెలీదు, వేరనుకున్నాం అంటే వదిలేస్తారని ధీమాగా ఉండొద్దు. మేం ఆ అబ్బాయినే వెంటబెట్టుకుని ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకెళ్ళి, ఎలా కొన్నామో పేమెంట్ స్క్రీన్‌షాట్లతో సహా కాయితం రాసిచ్చి అప్పజెప్పాం.

ఇంద్రజాల్ అని ఫ్రేము కట్టి గోడకి తగిలించుకోమని అమ్మేది కూడా మొక్క కాదు, సముద్రంలో పెరిగే పగడపు జాతి, దానికీ ఇదే చట్టం. నక్క కొమ్ము అని అమ్ముతారు చూడండి, నక్కకి కొమ్ములెక్కడివండీ? నక్కతోక తొక్కాడు అన్న మాట ఉందని అదీ నమ్మేస్తున్నాం.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ళుంటే పార్సెల్ తీసుకోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఉంటుంది. నేను ఆలస్యం చేశా, నాది రాలేదు.