బోర్డర్ కోలీతో ఆరేళ్లు: పరుగు కంటే నిద్ర నేర్పడమే కష్టం

మా బోర్డర్ కోలీ కుక్క బుజ్జి, దానికి ఎనిమిదో నెల నడుస్తుండగా మా అబ్బాయి మడమ పట్టుకుంది. రక్తం రాలేదు, పన్ను ఆనిన చోట ఎర్రగా కమిలింది. వాడూ, వాడి స్నేహితులు ముగ్గురూ పెరట్లో పరుగులు తీస్తుంటే ఇది నడుం వంచి, తల నేలకి ఆనేంత దించి, కన్నార్పకుండా చూస్తూ వాళ్ల చుట్టూ తిరిగింది. ఒక్కొక్కర్నీ గోడ మూలకి చేర్చింది. మావాడు గుంపులోంచి తప్పించుకుని పరిగెత్తగానే వెనకనుంచి వెళ్లి మడమ దగ్గర టక్కున పట్టి వదిలేసింది. పిల్లలు బెదిరిపోయారు. ఆ రాత్రి మా ఆవిడ "దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దామండీ" అంది. నేను కాదనలేకపోయాను.

అది కోపంతో చేసిన పని కాదని తర్వాత తెలిసింది. బోర్డర్ కోలీ అంటే ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో గొర్రెల కాపరుల కుక్క. 1893లో నార్తంబర్లండ్‌లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే మగకుక్కని ఈ జాతికి మూలమని చెబుతారు. గోల లేకుండా పనిచేసేదనీ, గొర్రెలు దానికి ఇట్టే లొంగేవనీ దానికి పేరు. ఇవాళ్టి బోర్డర్ కోలీలు దాదాపు అన్నీ దాని సంతతే. ఆ వంగడం, ఆ చూపు, తప్పించుకున్నదాన్ని మళ్లీ మందలో కలపడం తరతరాలుగా కాపరులు ఏరి ఏరి నిలబెట్టిన గుణాలు. బుజ్జి తల్లీ తండ్రీ ఇద్దరూ మందల దగ్గర పనిచేసినవే. ఆ సంగతి విని అప్పట్లో గర్వపడ్డానే గానీ, ఇంట్లో దాని పర్యవసానం ఏమిటో అడగలేదు.

ఒంట్లో బలం ఎక్కువై ఇలా చేస్తోందనుకుని పరుగు పెంచాను. పొద్దున గంట, సాయంత్రం గంట, మధ్యలో బంతి. మూడు నెలలకి దానికి దమ్ము పెరిగింది, అంతే. రెండు గంటలు చాలక మూడో గంట అడిగేది. బంతాట అయ్యాక ఇంటికొచ్చినా కళ్లు పెద్దవి చేసుకుని రొప్పుతూ తిరిగేది. నా చేతి గడియారం మీద ఎండ పడి గోడ మీద వెలుగు చుక్క కదిలితే ఇక ఆ గోడ వదిలేది కాదు. చూసేవాళ్లకి ముద్దుగా ఉంటుంది గానీ, ఈ జాతిలో వెలుగు, నీడల వెంటపడటం వ్యసనంలా పాతుకుపోతుంది. లేజర్ లైటుతో మాత్రం ఎప్పుడూ ఆడించకండి.

ఒక శిక్షకురాలి దగ్గరికి వెళ్తే ఆవిడ మొదట అడిగిన ప్రశ్న, ఇది రోజుకి ఎంతసేపు నిద్రపోతుందని. వారం రోజులు రాసి చూస్తే తొమ్మిది గంటలు దాటడం లేదు. పెద్ద కుక్కలే రోజులో సగం పడుకుంటాయి, ఎదిగే పిల్లకి అంతకంటే ఎక్కువ కావాలి. చాలినంత నిద్ర లేని పసిపిల్లల్లాగే ఇదీ చిరాకుతో ఊగిపోతోందన్నారు ఆవిడ.

అప్పట్నుంచి చాప పాఠం మొదలుపెట్టాం, అంటే చాప మీద ఒళ్లు వదిలేసి పడుకోవడం నేర్పడం. మొదట్లో చాప మీద పడుకున్నట్టే కనిపించేది గానీ, వెనక కాళ్లు రెండూ కింద బిగించుకుని లేవడానికి సిద్ధంగా ఉండేది. పక్కనే కూర్చుని ఏమీ మాట్లాడకుండా చూసేవాణ్ణి. తుంటి ఒక పక్కకి వాలి, గడ్డం ముందు కాళ్ల మీద ఆనితేనే తిండి ముక్క ఒకటి మెల్లిగా పాదాల మధ్య పెట్టేవాణ్ణి. ఆరో వారంలో ఒక సాయంత్రం ముక్కుతో గట్టిగా ఊపిరి వదిలి కళ్లు మూసుకుంది. ముక్క పెట్టినా తెరవలేదు. పగటిపూట మా మధ్య అది నిద్రపోవడం చూసింది అదే మొదటిసారి.

ఇప్పుడు పొద్దున్నే ముప్పావు గంట నడక, లీష్ వదులుగా, వాసన చూసుకున్నంతసేపూ చూసుకోనిచ్చి. తిండిలో సగం గిన్నెలో పెట్టకుండా గడ్డిలో చల్లుతాం, ముక్కుతో వెతుక్కుంటుంది. సాయంత్రం పది నిమిషాలు పేర్ల ఆట. అమెరికాలో జాన్ పిల్లీ అనే ప్రొఫెసరు చేజర్ అనే బోర్డర్ కోలీకి 1,022 వస్తువుల పేర్లు నేర్పారు. బుజ్జికి 43 వచ్చు. ఈ పది నిమిషాల తర్వాత పడే నిద్ర పాత రోజుల్లో గంట పరుగు తర్వాత కూడా పడేది కాదు. అయితే ఈ తెలివి మనం నేర్పినదాని దగ్గరే ఆగదు. తలుపు గడియ తీయడం చూసి నేర్చుకుంది. ల్యాప్‌టాప్ మూసిన చప్పుడు వింటే బయటికి వెళ్తున్నామని గుమ్మం దగ్గర నిలబడుతుంది.

పిల్లలు పరుగెత్తే ఆటలాడితే ఆరేళ్ల తర్వాత కూడా దాన్ని లోపలే ఉంచుతాం, మధ్యలో చిన్న గేటు. మళ్లీ ఎవర్నీ పట్టలేదు, కానీ పుట్టుకతో వచ్చిన గుణాన్ని నమ్మకం మీద వదిలేయడం నాకు ఇష్టం లేదు. మావాడు మాత్రం దానితో దాగుడుమూతలు ఆడతాడు. వెతకడం దానికి ఎంత ఇష్టమో వాడికి దాక్కోవడం అంత ఇష్టం.

బొచ్చు ఏడాదికి రెండుసార్లు గుత్తులు గుత్తులుగా ఊడుతుంది, ఆ వారాల్లో రోజూ దువ్వాల్సిందే. ఎండలో ఆడనివ్వకండి, తనంతట తాను ఆగదు. పిల్లని తెచ్చుకునే ముందు తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు, కంటి పరీక్షలు అడగండి. కోలీ జాతుల్లో ఎండీఆర్1 అనే జన్యులోపం ఉంటే ఐవర్‌మెక్టిన్ లాంటి మందులు పెద్ద మోతాదులో మెదడుని దెబ్బతీస్తాయి. బోర్డర్ కోలీల్లో ఇది తక్కువే అయినా మేం పరీక్ష చేయించి, ఆ కాగితాన్ని టీకాల పుస్తకంలోనే పెట్టుకున్నాం.

ఇంట్లో అందరూ పొద్దంతా బయటే ఉండేవాళ్లైతే వద్దని ఖచ్చితంగా చెబుతాను. ఇల్లు ఎంత పెద్దదైనా సరే. పెరట్లో వదిలేస్తే కంచె వెంబడి వచ్చేపోయే బండ్లనే మందలా తోలడం మొదలుపెడుతుంది. కుక్కని మొదటిసారి పెంచేవాళ్లు పిల్ల కంటే నాలుగైదేళ్ల వయసుది, గుణం తెలిసినది దత్తత తీసుకుంటే మేలు.

ఇప్పటికే మీ ఇంట్లో ఎనిమిది నెలలకీ ఏడాదిన్నరకీ మధ్య వయసుది ఉండి, ఇచ్చేద్దామన్న మాట వచ్చి ఉంటే, మేం వారం పాటు నిద్ర గంటలు రాసుకున్న కాగితం లాంటిది మీరూ ఒకటి ముందు రాయండి. మాకు ఆ మాట వచ్చిన వయసు కూడా అదే.