చార్టు నిండా టిక్కులే: హోమ్‌కేర్ ఏజెన్సీతో ఏడాది దాటాక

పక్షవాతంతో మంచానపడ్డ మా అత్తమ్మకి ఒకే ఏజెన్సీ మనుషులు చేస్తున్నారు. మాది కూకట్‌పల్లి. రేట్లు, రిజిస్ట్రేషన్ ఫీజు, 12 గంటల షిఫ్టుల సంగతి ఎవరికి ఫోన్ చేసినా చెప్తారు కాబట్టి వదిలేస్తున్నా. నా బాధంతా రాత్రి డ్యూటీతోనే.

డిశ్చార్జ్ అప్పుడు డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పింది, ఒంటికి పుండ్లు పడకుండా 2 గంటలకోసారి పక్క తిప్పమని. ఏజెన్సీ దానికో చార్టు ఇచ్చింది: టైము, కుడి, ఎడమ, వెల్లకిలా, ఎదురుగా టిక్కు. ఆ చార్టు చూసే మొదట్లో చుట్టాలందరికీ వీళ్ల నంబరు ఇచ్చాను.

ఒకరోజు రాత్రి 11 గంటలకి మంచినీళ్లకని లేస్తే, చార్టు పొద్దున 6 దాకా నిండిపోయి ఉంది! 4 గంటలకి కుడిపక్క, టిక్కు. 6కి ఎడమపక్క, టిక్కు. అత్తమ్మేమో వెల్లకిలానే ఉన్నారు, నైట్ డ్యూటీ అమ్మాయి ఫోన్ చూసుకుంటోంది. తిప్పి చూస్తే నడుం కింద ఎముక దగ్గర ఎర్రటి మచ్చ. వేలితో నొక్కితే తెల్లబడాలి, తెల్లబడలేదు. పుండు మొదలవుతోందన్నమాట.

సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే "ఎయిర్ బెడ్ ఉంది కదా మేడమ్" అన్నాడు, పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు అది. ఎయిర్ బెడ్ వేసినా పక్క తిప్పాల్సిందేనని ఆయనకి నేను చెప్పాలా? మర్నాటికే రీప్లేస్‌మెంట్ పంపాడు, అందులో మాట తప్పడు. ఆ కొత్తమ్మాయీ పొద్దున లేచి టిక్కులన్నీ ఒకేసారి పెట్టేది. ఆరా తీస్తే మియాపూర్‌లో పగలంతా ఇంకో ఇంట్లో డ్యూటీ చేసి నేరుగా మా ఇంటికి వస్తోందట. ఆ పిల్లనేమనాలి? పంపేవాళ్లకి తెలియదా? సూపర్‌వైజర్ వచ్చేదీ పగలే, చార్టు ఫోటో తీసుకుని పోతాడు.

పగలు వచ్చే ఆమెకి మాత్రం వంక పెట్టలేను. ముక్కు గొట్టంలో జావ పోసేటప్పుడు మంచం తలవైపు లేపి, పోశాక అరగంట దాకా దించదు. యూరిన్ బ్యాగు ఎప్పుడూ మంచం కిందికే వేలాడాలి, పైన పెట్టనివ్వదు. ఇదంతా ఏజెన్సీ ట్రైనింగే అనుకున్నా. సంక్రాంతికి ఆమె ఊరెళ్తే బదులుగా వచ్చిన మనిషి అత్తమ్మని పడుకోబెట్టే జావ పోయబోయింది.

ఇప్పుడు వాళ్లది పగటి షిఫ్టు ఒక్కటే ఉంచాం. మావారికి అమెరికా కాల్స్, ఎలాగూ 2 దాకా మెలకువే; ఆ తర్వాత నేను. మచ్చ చర్మం చిట్లకముందే తగ్గింది. ఇంట్లో ఒక్కరే ఉండి పొద్దున్నే ఆఫీసుకి పరిగెత్తేవాళ్లకి ఇది కుదరదు, రాత్రికి మనిషి కావాల్సిందే. వాళ్లు చార్టు సంగతి తర్వాత, రాత్రిపూట చెకింగ్‌కి ఎవరొస్తారో ముందే రాయించుకుంటే నయం. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది గానీ, మా గొడవ అంతదాకా పోలేదు.

ఏజెన్సీ ఇప్పటికీ ఫోన్ చేస్తోంది, నైట్ షిఫ్టుకి రేటు తగ్గిస్తాం మేడమ్ అని. రేటు గురించి నేనెప్పుడూ అడగలేదు.