పాత పల్లె సామాన్ల మ్యూజియం: మోట దగ్గర ఆగండి

వరంగల్ దగ్గరి ఈ రెండు గదుల మ్యూజియంలో ముందు చూడాల్సింది మోట, అంటే ఎడ్లతో బావి నీళ్లు తోడే సాధనం. తోలు బొక్కెన, దాని కింది తోలు గొట్టం (తొండం) పాతవే, బిగించిన తీరే తప్పు. మోకు (బొక్కెన లాగే లావు తాడు) పై గిరక మీద, తొండం తాడు కింద దొర్లే కర్ర మీద పోవాలి. అప్పుడే బొక్కెన పైకొచ్చేసరికి తొండం కాలువలోకి చాపుకొని నీళ్లు పోస్తది. ఇక్కడ రెండు తాళ్లూ పై గిరకకే ఎక్కించారు. ఇట్ల కడితే మడికి చుక్క పారదు!

కొలపాత్రల వరుస మాత్రం భేష్: 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక, 4 మానికలు ఒక కుంచం. విత్తనాలు వేసే గొర్రు కాళ్లకు చెదలు. మట్టి నేలకు ఆనించి పెడితే పట్టక ఏంజేస్తది? కింద రాళ్లు పెట్టాలి.

విసుర్రాయి తిప్పి చూడనిస్తారు, పిల్లల్ని తీసుకపోండి. లేబుళ్ల అక్షరాలు చీమలంత, కళ్లద్దాలు మరువకండి.