ఇంట్లో చేసుకున్న బాక్స్ జాయింట్ జిగ్: వాడి చూశాక నా మాట

ముందే చెప్పేస్తాను. ఇంట్లో టేబుల్ సా (బల్ల మధ్యలోంచి బ్లేడు పైకి వచ్చే రంపం మెషీన్) ఉండి, సొరుగులు, టూల్ డబ్బాలు, మసాలా పెట్టెలు లాంటివి చేసుకునే సరదా ఉంటే బాక్స్ జాయింట్ జిగ్, అంటే ప్రతి కోతా ఒకేలా వచ్చేలా చెక్కని పట్టి నిలిపే సాధనం, కొనకండి, చేసుకోండి. మిగిలే డబ్బు మంచి బ్లేడు మీద పెట్టండి. నేను వాడుతున్నది ప్లైవుడ్ ముక్కలతో చేసిన మామూలు పిన్ను జిగ్. ప్లై ముక్కలు ఎటూ ఇంట్లో పడి ఉన్నవే, హార్డ్‌వేర్ కొట్లో కొన్న బోల్టులు, రెక్కల నట్లు, అల్యూమినియం పట్టీ అన్నీ కలిపినా వెయ్యి రూపాయలు దాటలేదు. దీంతో వచ్చే జాయింటు చూసి ఇది ఇంట్లో చేసిందంటే మా వీధి చివర ఫర్నిచర్ షాపు వడ్రంగి ఒక పట్టాన నమ్మలేదు.

బాక్స్ జాయింట్ అంటే తెలియనివాళ్ల కోసం: రెండు చెక్కల అంచుల్లో ఒకే వెడల్పున వేళ్లూ గాళ్లూ కోసి, రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు మూల దగ్గర కలపడం. అందం సంగతి అలా ఉంచి బలం సంగతి చూద్దాం. 12 ఎంఎం మందం, 90 ఎంఎం వెడల్పు ఉన్న పలకని ఊరికే అంచుకి ఆనించి ఫెవికాల్ పెడితే జిగురు పట్టే చోటు 1080 చదరపు ఎంఎం. అదీ చెక్క కోసిన చివర, జిగురుని స్పాంజిలా లోపలికి పీల్చేసుకునే చోటు. అదే పలకకి 6 ఎంఎం వేళ్లు కోస్తే వేళ్ల పక్కలు కలిసే చోట్లు 14, ఒక్కోటి 144 చదరపు ఎంఎం, మొత్తం రెండు వేల పైన. పైగా ఇక్కడ చెక్క నిలువు పోగులు రెండూ ఎదురెదురుగా కూర్చుంటాయి, జిగురు నిజంగా పట్టేది ఇలాంటి చోటే. అందుకే స్క్రూ గానీ మేకు గానీ ఒక్కటీ లేకుండా సొరుగు ఏళ్ల తరబడి లాగుడు తట్టుకుంటుంది.

చేయి తిరిగిన వడ్రంగి ఇదంతా చేతి రంపంతో, ఉలితో చేసేస్తాడు, ఆ పని చూడముచ్చటగా ఉంటుంది. సెలవు రోజుల్లో మాత్రమే పని చేసుకునే నాలాంటివాళ్లకి మాత్రం ఒకే కోత నలభైసార్లు ఒకేలా రావాలంటే జిగ్ తప్పదు.

ఇక జిగ్ విషయం. మెషీన్‌తో వచ్చే మైటర్ గేజ్‌ని (చెక్కని ఆనించి టేబుల్ గాడిలో తోసే పట్టీ) నమ్ముకుని దానికే ఒక చెక్క బిగించేసి ఇదే జిగ్ అనుకుంటారు చాలామంది. నా మెషీన్ గేజ్ గాడిలో అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊగుడంతా జాయింట్‌లో సందులుగా బయటపడుతుంది. అందుకని స్లెడ్‌లా, అంటే టేబుల్ మీద మొత్తంగా జారే బల్లలా చేశాను. కింద 12 ఎంఎం ప్లై, దాని అడుగున టేబుల్ గాళ్లలో జారే రెండు అల్యూమినియం పట్టీలు, పైన 18 ఎంఎం ప్లై నిలువు గోడ. ఈ గోడ రెండు రకాలుగా నిటారుగా ఉండాలి, పట్టీలకీ 90 డిగ్రీలే, టేబుల్‌కీ 90 డిగ్రీలే. టేబుల్‌కి ఏమాత్రం వాలినా గాడి అడుగు వాలుగా తెగుతుంది, బయటికి జాయింటు బాగా కూర్చున్నట్టే కనిపించినా లోపలివైపు సందు ఉంటుంది. మూలమట్టం పెట్టి, లైటుకి ఎదురుగా పట్టి చూసి, అప్పుడే స్క్రూలు బిగించండి. పట్టీలకి నేను మొదట టేకు అనుకున్నాను గానీ మాది కాకినాడ, వానాకాలంలో గాలిలో తేమకి చెక్క ఉబ్బి గాడిలో బిగుసుకుపోతుంది. అల్యూమినియానికి ఆ గొడవ లేదు, మీద కొవ్వొత్తి మైనం రుద్దితే చాలు, వెన్నలా జారుతుంది.

ఆ గోడ ముందు ఇంకో ప్లై పలక ఉంటుంది, పక్కకి జరిగేది. పొడుగాటి రంధ్రాల్లోంచి రెండు బోల్టులు, వెనకాల రెక్కల నట్లు. ఈ పలకకే అడుగున బ్లేడు కోసే గాడి, దాని పక్కన పిన్ను, అంటే కోసిన గాడిని కూర్చోబెట్టే చిన్న కర్రముక్క. పిన్నుని నల్ల తుమ్మ చెక్కతో చేశాను, బండి చక్రాలకి వాడిన కర్ర కదా, అరగదు. దాని వెడల్పు బ్లేడు కోసే గాడికి సరిగ్గా సరిపోవాలి, వదులుగా ఉండకూడదు, సుత్తితో కొట్టి ఎక్కించేంత బిగుతూ ఉండకూడదు.

ఈ జిగ్‌లో ప్రాణమంతా ఒకే కొలతలో ఉంది. బ్లేడుకీ పిన్నుకీ మధ్య ఉన్న ఖాళీయే వేలి వెడల్పు, బ్లేడు తినేసేది గాడి వెడల్పు. రెండూ సమానమైతే జాయింటు కూర్చుంటుంది. బిగుతుగా ఉంటే పిన్ను బ్లేడు దగ్గరికి జరగాలి, వదులైతే దూరం జరగాలి. ఇక్కడ తేడా ఎంతలో ఉంటుందంటే, జిరాక్స్ కాగితం మందం 0.1 ఎంఎం, అంతలో జాయింటు చేత్తో తోస్తే దిగేదల్లా అస్సలు దిగకుండా పోతుంది. చేత్తో తట్టి తట్టి పలకని అంత సన్నగా జరపడం కుదిరే పని కాదు. అందుకే పలక పక్కన ఒక ఎం6 బోల్టు పెట్టాను. మామూలు ఎం6 మర పిచ్ 1 ఎంఎం, అంటే ఒక చుట్టు తిప్పితే పలక 1 ఎంఎం జరుగుతుంది, పావు చుట్టుకి 0.25, అందులో సగానికి 0.125. బోల్టు తల మీద మార్కర్‌తో గీత పెట్టుకుంటే ఎంత తిప్పామో కళ్లకి కనబడుతుంది. మొత్తం జిగ్‌లో నాకు బాగా నచ్చింది ఈ ఒక్క బోల్టే, ఇది లేని పిన్ను జిగ్‌తో కుస్తీ పట్టి విసిగిపోయి బాక్స్ జాయింట్లే మానేసినవాళ్లు నాకు తెలుసు.

కోయడం తేలిక. మొదటి చెక్క అంచుని పిన్నుకి ఆనించి ఒక కోత, ఆ గాడిని పిన్ను మీద కూర్చోబెట్టి ఇంకో కోత, చివరిదాకా అంతే. జంట చెక్కకి మాత్రం మొదటి కోత గాడితో మొదలవ్వాలి కాబట్టి, కోసేసిన మొదటి చెక్కని తిప్పి దాని మొదటి వేలు పిన్నుకీ బ్లేడు దారికీ మధ్య నిలిచేలా గాడిని పిన్ను మీద పెట్టి, రెండో చెక్కని దాని పక్కన ఆనించి కోయాలి. బ్లేడు ఎత్తు చెక్క మందం కన్నా ఓ అర ఎంఎం ఎక్కువ పెట్టుకుంటే వేళ్లు కొద్దిగా బయటికి వస్తాయి, జిగురు ఆరాక ఇసక కాగితంతో సాపు చేసుకోవచ్చు. తక్కువైతే మాత్రం మొత్తం పలకనే చిత్రిక పట్టాల్సి వస్తుంది. ఫిట్టింగ్ ఎలా ఉండాలంటే, చేత్తో నొక్కితే సగం దిగాలి, మిగతా సగం కొయ్యసుత్తితో మెల్లగా తడితే దిగాలి. అంతకన్నా బిగుతు పెట్టుకోవద్దు, ఫెవికాల్‌లో ఉన్న నీటికి వేళ్లు ఉబ్బుతాయి, సగంలో ఇరుక్కుంటే టెన్షన్.

ఇప్పుడు బ్లేడు సంగతి, ఇది ఎవరూ చెప్పరు. మన దగ్గర కొట్లలో ఎక్కువగా దొరికే బ్లేడుకి పళ్లు ఒకటి ఎడమకి ఒకటి కుడికి వాలి ఉంటాయి. అడ్డంగా కోయడానికి బంగారం లాంటి బ్లేడే, కానీ గాడి అడుగున రెండు మూలల్లో చిన్న చిన్న గుంటలు వదిలేస్తుంది, జాయింటు పక్క నుంచి చూస్తే పిల్లి చెవుల్లా కనిపిస్తాయి. పళ్ల కొన బల్లపరుపుగా ఉన్న బ్లేడు వేస్తే గాడి అడుగు చదునుగా వస్తుంది. అమెరికాలో ఫ్రాయిడ్ వాళ్లు ఈ పనికే రెండు బ్లేళ్ల సెట్టు అమ్ముతారు, 8 అంగుళాలది, రెండూ కలిపి వేస్తే పావు అంగుళం గాడి, అమరిక మార్చి వేస్తే అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు. కానీ నా మెషీన్ ఇరుసు పొట్టిది, రెండు బ్లేళ్లు ఎక్కవు. మీది కొనేముందు ఇరుసు పొడవు చూసుకోండి, మాన్యువల్లో ఏం రాశారో చదవండి, ఎక్కనిదాన్ని బలవంతంగా ఎక్కించొద్దు.

ఒకే బ్లేడుతో వెడల్పు వేళ్లు కావాలంటే పిన్ను లేకుండా చెక్కనే మర తిప్పి జరిపే జిగ్ ఉంది. కెనడాలో ఉండే మథియాస్ వాండెల్ చెక్క పళ్ల చక్రాలతో చేసిన డిజైన్ ఈ రకంలో బాగా పేరున్నది. మన దగ్గర దొరికే ఎం10 మర కడ్డీతో కూడా అలాంటిది చేయొచ్చు, దాని పిచ్ 1.5 ఎంఎం, అంటే నాలుగు చుట్లకి 6 ఎంఎం. లెక్కలో బాగుంది గానీ ఎన్ని చుట్లు తిప్పామో మర్చిపోతే చెక్క పోయినట్టే, పైగా బ్లేడు కోత వెడల్పు సరిగ్గా 3 ఎంఎం కాకుండా 2.8 అయితే చుట్ల లెక్క మళ్లీ సరిచూసుకోవాలి. నలుగురికి చేసి అమ్మేవాళ్లకి అది పనికొస్తుంది, ఇంటి పనికి పిన్నే హాయి.

కొనేదాని గురించి కూడా అడుగుతారు కాబట్టి: అమెరికా ఇంక్రా ఐ-బాక్స్ మంచి వస్తువే, ఎనిమిదోవంతు అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా ఏ వెడల్పైనా పిన్నుని మరతో సరిచేసుకోవచ్చు. అక్కడ ఉండే మనవాళ్లు, గ్యారేజీలో పెద్ద మెషీన్ పెట్టుకున్నవాళ్లు హాయిగా కొనుక్కోవచ్చు. ఇక్కడికి తెప్పించుకుంటే షిప్పింగు, కస్టమ్స్ కలిపి ఆ డబ్బుకి రెండు మంచి బ్లేళ్లూ బోలెడంత టేకూ వస్తాయి.

నా జిగ్‌కి లోపాలు లేవా అంటే ఉన్నాయి. బరువు. ఎత్తైన పలక నిలబెడితే పైన ఊగుతుంది, అందుకే గోడకి ఒక క్లాంపు తప్పదు. కోసే చెక్క వెనకాల ఆనించి పెట్టే 6 ఎంఎం ప్లై ముక్కని కోతలు తినేస్తాయి, అది కొత్తది లేకపోతే టేకు వెనకవైపు పెచ్చులు లేస్తాయి. వేరే మందం బ్లేడు వేస్తే పిన్ను మళ్లీ చేసుకోవాలి.

దయచేసి ఒక్క విషయంలో మాత్రం బద్ధకించొద్దు. ఈ కోతకి బ్లేడు గార్డు తీసేయాల్సి వస్తుంది, కోత అయిపోయాక బ్లేడు గోడ వెనక నుంచి బయటికి వస్తుంది, సరిగ్గా మన బొటనవేలు ఆనుకునే చోటికే. అక్కడ మందపాటి చెక్క దిమ్మ ఒకటి అంటించి ఎర్ర రంగు వేయండి, చేతులకి పట్టుకునే పిడులు దానికి దూరంగా రెండు చివర్లా పెట్టండి, పని అయిపోగానే గార్డు తిరిగి బిగించండి. చేత్తో పట్టుకుని కోసే గుండ్రటి బ్లేడు రంపం మెషీన్‌ని ప్లై బల్లకి తలకిందులుగా బిగించి టేబుల్ సా అని వాడేవాళ్లు ఈ జిగ్ జోలికి అస్సలు రావొద్దు, వాటికి గార్డూ ఉండదు, బ్లేడు గాడికి సమాంతరంగా ఉందన్న నమ్మకమూ ఉండదు.

మొదటిసారి చేసేవాళ్లు టేకు మీద మొదలుపెట్టకండి. చవగ్గా దొరికే మామిడి చెక్క ముక్కలు తెచ్చుకుని, బోల్టు తిప్పుతూ ఫిట్టింగ్ కుదిరేదాకా వాటి మీదే కోయండి. కుదిరాక బోల్టు గీత ఎక్కడుందో పలక మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి, ఏ బ్లేడుకో కూడా రాయండి, వచ్చేసారి జిగ్ తీయగానే నేరుగా పనిలోకి దిగొచ్చు.