తిరుపతిలో పిల్లల గదికి సముద్రం థీమ్ చేయించాలనుకుంటున్నారా? డబ్బు కట్టే ముందు మా సంగతి చదవండి

మా పాపకు మూడున్నరేళ్లు. ఎండాకాలంలో వాకాడు దగ్గర తూపిలిపాళెం బీచ్‌కు తీసుకెళ్లాం. అప్పటి నుంచి ఇంట్లో చేపల మాట తప్ప వేరే మాట లేదు. తన గది సముద్రంలా ఉండాలని ఒకటే పట్టు. మాకూ ముచ్చటేసింది. దసరా సెలవుల్లో పని మొదలుపెట్టించాం, డిసెంబరు మొదటి వారానికల్లా అంతా పీకించేశాం. అదే షాపు వాళ్లు ఇప్పుడు మా వీధిలో ఇంకో ఇంటికి కొటేషన్ ఇచ్చారని తెలిసింది, అందుకే రాస్తున్నాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు ఇక్కడ పెట్టడం లేదు. వాళ్లు చేసిన పని ఎలా ఉందో చెబుతాను. మీ ఇంట్లోనూ అలాగే చేస్తుంటే అక్కడికక్కడే ఆపించండి.

రెండు గోడలకు వాల్‌పేపర్, 210 చదరపు అడుగులు, అడుగుకు 95 రూపాయలు. సీలింగ్‌కు నీలం రంగు, చుట్టూ ఎల్ఈడీ స్ట్రిప్ లైటు, 14,000. థర్మకోల్ పగడాలు, గవ్వలు, మంచం మీదుగా వేలాడదీసే వల, 6,500. మొత్తం 40,450 అయితే బేరమాడి 40,000కు ఒప్పించాం. పెద్ద తెలివైన పని చేశాం అనుకున్నాం. పని మొదలవకముందే 30,000 అడ్వాన్స్ అడిగారు, ఫోన్‌పేలో పంపేశాం. డబ్బు వెళ్లింది షాపు ఖాతాకు కాదు, ఓనరు సొంత నంబరుకు. బిల్లు అడిగితే 'పని అయ్యాక మొత్తం కలిపి ఇస్తాం మేడమ్' అన్నారు. ఆ బిల్లు ఈ రోజుకీ రాలేదు.

అసలు తప్పు గోడ దగ్గర జరిగింది. ఆ గదికి ఒక పక్క గోడ అవతల బాత్రూమ్. కొలతలకు వచ్చిన అబ్బాయి టేపు పట్టి పొడవు, ఎత్తు రాసుకున్నాడు. గోడ మీద చెయ్యి కూడా పెట్టి చూడలేదు. అవతల ఏముందని అడగలేదు. మరుసటి వారం వచ్చి లప్పం మీద నేరుగా జిగురు రాసి అతికించేశారు. ప్రైమర్ వేయరా అంటే 'మన జిగురుకు అక్కర్లేదు' అన్నారు.

మొదటి రోజు గది చూసి పాప చప్పట్లు కొట్టింది. ఎడమ మూలన ఎనిమిది చేతులూ చాపిన ఆక్టోపస్, మధ్యలో తాబేలు, కింద పగడాలు. అది చూసి మేమూ పొంగిపోయాం. ప్లాస్టిక్ వాసన మాత్రం ఘాటుగా ఉంది, రెండు రోజుల్లో పోతుందన్నారు. ఏసీ వేసి తలుపులు మూసి పాపను అందులోనే పడుకోబెట్టాం. కొత్త షీటు అతికించాక కనీసం కొన్ని రోజులు కిటికీలు బార్లా తెరిచి పెట్టాలని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాకు చెప్పినవాళ్లు లేరు.

నవంబరులో మన దగ్గర వానలు ఎలా ఉంటాయో తెలిసిందే. రెండు వారాలు ముసురు. పాపకు రాత్రిళ్లు దగ్గు మొదలైంది, పగలు ఆడుకుంటుంటే ఏమీ లేదు. మందులు వాడినా తగ్గకపోయేసరికి పిల్లల డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, 'పడుకునే గదిలో చెమ్మ ఉందామ్మా?' లేదండీ, కొత్తగా చేయించాం అని గర్వంగా చెప్పాను. ఆ సాయంత్రమే పాప నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, 'అమ్మా, చేపకు మచ్చలొచ్చినాయి' అంది.

ఆక్టోపస్ కింద అతుకు లేచి ఉంది. వేలితో పట్టి లాగితే పైన బొమ్మ ఉన్న ప్లాస్టిక్ పొర ఒక్కటే చాపలా ఊడొచ్చింది, వెనక కాగితం తడిసి గోడకే ఉండిపోయింది. దాని నిండా ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. లప్పం గోకితే పొడి రాలలేదు, ముద్దగా గోళ్లలో ఇరుక్కుంది. మూలన పెట్టిన పాత బట్టల వాసన. పాప తల దిండుకు అడుగున్నర దూరంలో ఉందది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

మాకు చెప్పింది గాలి ఆడే నాన్ వోవెన్ పేపరు అని. వేసింది పీవీసీ, అంటే ప్లాస్టిక్ పొర ఉన్న పేపరు. బాత్రూమ్ నుంచి వచ్చే చెమ్మ మామూలు గోడైతే కొంత ఆరిపోతుంది. ఈ పొర దాన్ని లోపలే బిగించేసింది, బూజుకు అంతకన్నా ఏం కావాలి. ఓనరుకు ఫోన్ చేస్తే 'చెమ్మ మీ గోడది మేడమ్, పేపరుది కాదు' అన్నాడు. గోడ మాదే. చూసి చెప్పాల్సిన పని ఎవరిది?

తర్వాత వచ్చిన మేస్త్రీ చూపించిన పద్ధతి చెబుతాను, పైసా ఖర్చు లేదు. అడుగున్నర పాలిథిన్ కవరు ముక్కను గోడకు పెట్టి నాలుగు వైపులా టేపు వేసి ఒక రోజు వదిలేయండి. తీసినప్పుడు గోడ వైపు నీటి చుక్కలు కనిపిస్తే ఆ గోడకు ఏదీ అతికించకూడదు. ముందు లీకు ఆపించాలి, గోడ పూర్తిగా ఆరాలి. వానాకాలం పోయాక ఈ పని పెట్టుకోవడమే మేలు.

బూజు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఇంకొకటి. పేపరు పీకే రోజు మంచం జరిపితే కింద ఒక బటన్ బ్యాటరీ దొరికింది, ఒకరూపాయి బిళ్లంత. లైట్ల రిమోట్‌లోది. ఆ రిమోట్ మూతకు స్క్రూ లేదు, గోటితో లాగితే వచ్చేస్తుంది. పాప రోజూ రంగులు మార్చేది దానితోనే. ఇలాంటి బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవడం మొదలవుతుంది. పిల్లలు మింగారన్న అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించకుండా వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆట బొమ్మలకు 2021 జనవరి నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు. కానీ ఈ రిమోట్ బొమ్మల లెక్కలోకి రాదు, మనమే చూసుకోవాలి. స్క్రూ ఉన్నది ఇస్తేనే తీసుకోండి, లేకపోతే గోడ స్విచ్ పెట్టించండి. మంచం మీద వల కూడా వద్దు. మా పాప కాలు ఒకసారి అందులో చిక్కుకుంది, మెడ అయి ఉంటే అన్న ఆలోచనకే నిద్ర పట్టలేదు.

రంగు సంగతి కూడా చెప్పాలి. సీలింగ్‌కు వేసిన నీలం లేబుల్ లేని ప్లాస్టిక్ బకెట్‌లో తెచ్చారు. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు దాటకూడదని 2017 నవంబరు నుంచి నిబంధన అమల్లో ఉంది, ఆ మాట డబ్బా మీదే ఉండాలి. సీలు ఉన్న డబ్బా మీ ముందు తెరిపించండి. పెచ్చులూడితే పిల్లలు నోట్లో పెట్టుకుంటారు.

మేము 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. బిల్లు లేకపోయినా ఫోన్‌పే రసీదులు, వాట్సాప్‌లో 'నాన్ వోవెన్' అని వాళ్లు పెట్టిన మెసేజ్ మా దగ్గరున్నాయి. మీరూ ఏ మాటైనా మెసేజ్‌లో రాయించుకోండి, పని సగమైనా కాకముందు సగం కన్నా ఎక్కువ ఇవ్వకండి.

పాప ఇప్పుడు మా దగ్గరే పడుకుంటోంది, దగ్గు తగ్గింది. గోడ ఇంకా ఆరుతోంది. షాపు వాళ్లు మాత్రం మా గది ఫోటో ఇప్పటికీ స్టేటస్‌లో పెట్టి ఆర్డర్లు తీసుకుంటున్నారు. ఎడమ మూలన ఆక్టోపస్, మధ్యలో తాబేలు, మంచం మీద తెల్ల వల. ఆ ఫోటో మీకు చూపిస్తే గుర్తుపెట్టుకోండి, అది మొదటి రోజు తీసింది.